హామండ్ ఆర్గాన్ మోతలో గొప్ప ఎవరిది? ఆర్గాన్‌దా, లెస్లీ స్పీకర్‌దా?

నీలిస్వరం
జాజ్ రికార్డుల్లో హామండ్ ఆర్గాన్ (కీలు నొక్కి వాయించే కరెంటు వాద్యం) వినబడగానే మనసు లాగేది ఆ వణుకే. అదంతా దానికి తగిలించే లెస్లీ స్పీకర్ చలవ అని నా వాదన. దాని పెట్టెలో పై స్వరాలకు ఒక హారన్, కింది స్వరాలకు ఒక డ్రమ్ (వాయించేది కాదు, పీపాలాంటి భాగం) గిర్రున తిరుగుతుంటే డాప్లర్ ప్రభావంతో శ్రుతి కాస్త అటూ ఇటూ ఊగుతుంది. మామూలు స్పీకర్‌కు తగిలించి వినండి, చప్పగా ఉంటుంది. తమాషా ఏంటంటే, ఈ ఆర్గాన్ కనిపెట్టిన లారెన్స్ హామండ్‌కు ఆ స్పీకరంటేనే గిట్టేది కాదు! ఆయన ఆర్గాన్‌ను నిలబెట్టింది ఆ స్పీకర్ చేసిన డాన్ లెస్లీనే. కాదనేవాళ్లు రండి.

ఎడమచెయ్యి
నేనొచ్చాను. లెస్లీ తిరగడం ఆపేసినా ఇది హామండ్ అని ఇట్టే పోల్చుకుంటాం. కీ నొక్కగానే వచ్చే ఆ 'టిక్' వల్ల. బి-3 అనే హామండ్ మోడల్‌లో 91 టోన్‌వీల్స్ (స్వరాలు పుట్టించే చక్రాలు) ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. ఒక్కో కీ కింద కరెంటు కలిపే తొమ్మిది కాంటాక్టులు. నొక్కినప్పుడు ఆ తొమ్మిదీ సరిగ్గా ఒకే క్షణంలో కలవవు, అక్కడ చిటుక్కుమంటుంది. కంపెనీ ఇంజినీర్లు అది లోపమని తగ్గించడానికి తంటాలు పడ్డారు. జాజ్ వాళ్లకు అదే ముద్దొచ్చింది.

ఇంకోటి. ఈ ఆర్గాన్‌లో గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా శబ్దం ఒకటే, హెచ్చుతగ్గులన్నీ కాలి కింది పెడల్‌తోనే. మరి వేలికి పనేంటి? జాజ్ ఆర్గానిస్టు జిమ్మీ స్మిత్ సెట్టింగ్‌గా అందరూ చెప్పుకునేది చూడండి: మొదటి మూడు డ్రాబార్లు (శబ్దపు రంగు మార్చే లాగుడు కడ్డీలు) పూర్తిగా బయటికి, మిగతా ఆరూ లోపలికి, పైన మూడో హార్మోనిక్ పెర్కషన్ (స్వరం మొదట్లో 'టంగ్'మని తగిలే చిన్న మోత). వేళ్లన్నీ పైకి లేస్తేనే ఆ పెర్కషన్ మళ్లీ పలుకుతుంది. స్వరాలు కలిపేసి వాయిస్తే మొదటిదానికే 'టంగ్'మంటుంది, తర్వాతవాటికి ఉండదు. విడివిడిగా వాయిస్తే ప్రతిదానికీ ఉంటుంది. ఇందులో స్పీకర్ చేసేదేముంది?

కొత్తగా_వింటున్నా
మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. ఆ రికార్డుల్లో బేస్ ఎవరు వాయిస్తున్నారు? కవర్ మీద పేరే లేదు.

ఎడమచెయ్యి
చాలావాటిలో ఆర్గానిస్టే అండీ. స్మిత్ ఎడమచేత్తో బేస్ నడుపుతూ, ఊపు కోసం కాలితో పెడల్స్‌ను అలా తాకుతూ పోతాడు. నా పేరు అందుకే పెట్టుకున్నాను.

టేపురికార్డర్
మీ ఇద్దరి గొడవా యంత్రాల గురించే. స్మిత్ 1960లో రికార్డు చేసిన 'బ్యాక్ ఎట్ ద చికెన్ షాక్', మరో ఆర్గానిస్టు లారీ యంగ్ 1965లో చేసిన 'యూనిటీ' ఆల్బమ్‌లు వెంటవెంటనే వినండి. రెండూ అమెరికాలోని ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో రికార్డింగ్ ఇంజినీర్ రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో, ఆయన చేతి మీదుగా తయారైనవే. మొదటిది బ్లూస్‌లో నానిన నింపాది నడక. రెండోదాంట్లో యంగ్ శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ దారిలో ఆలోచిస్తాడు, వెనక ఎల్విన్ జోన్స్ డ్రమ్స్ ఉరుముతుంటాయి. గది అదే, ఇంజినీరూ ఆయనే, మోత మాత్రం వేరు. గొప్ప మనిషిది.

నీలిస్వరం
మనిషి లేకుండా ఏ వాద్యం మోగుతుంది సార్, అది అందరికీ వర్తించే మాటే కదా! నేనడిగింది పెట్టె గురించి. లెస్లీ వేగం పెంచే స్విచ్ వేయగానే ఏమవుతుందో ఈసారి చెవిపెట్టి వినండి. తేలికైన హారన్ టక్కున వేగం అందుకుంటుంది, బరువైన డ్రమ్ వెనకబడి మెల్లగా వచ్చి కలుస్తుంది. సోలో మంచి పట్టులో ఉన్నప్పుడు ఆ స్విచ్ ఎప్పుడు వేయాలన్నది కూడా వాయించడమే. టిక్ ఒక్కదాంతో అది రమ్మంటే వస్తుందా?