1930 ఫోర్డ్‌కి రాడ్డు బ్రేకులే ఉంచాలా, ఆయిల్ బ్రేకులు వేయించాలా?

పెన్నా గట్టు:
మా తాతగారి 1930 ఫోర్డ్ మోడల్ ఎ, బ్రేకు తొక్కితే ఎడమకి లాగుతోంది. మొన్న కోవూరు నుంచి వస్తూ పెన్నా వంతెన మీద ముందు ఆటో ఆగింది. మా కారు ఆగలేదు, పక్కకి తిరిగింది. పెడల్ నుంచి చక్రాలకి పోయే బ్రేకు రాడ్లు పీకేసి పాత జీపు ఆయిల్ బ్రేకులు పెడితే పీడా పోతుందని మెకానిక్ అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

ఒంగోలు గిత్త:
పెట్టించెయ్ తమ్ముడూ. ఫోర్డ్ వాళ్లే 1939 మోడల్‌తో రాడ్లు వదిలేశారు. డ్యూసెన్‌బర్గ్ అనే అమెరికా కార్ల కంపెనీ అయితే 1921లోనే నాలుగు చక్రాలకీ ఆయిల్ బ్రేకులిచ్చింది. హైవే మీద ఎయిర్ బ్రేకు లారీ వెనక పోతూ ఈ చాదస్తం ఎందుకు?

గ్రీజు చేతులు:
తొందరపడొద్దన్నా. ఎడమకి లాగుతోందంటే చాలాసార్లు కుడి పక్క పట్టడం లేదనే అర్థం. అటు బ్రేకు డ్రమ్ము (చక్రంతో పాటు తిరిగే గిన్నె) విప్పు. దుమ్ము ఊదొద్దు, పాత లైనింగులో (డ్రమ్ముని ఒరుసుకునే పట్టీలో) ఊపిరితిత్తులు పాడుచేసే ఆస్బెస్టాస్ ఉంటుంది, తడిగుడ్డతో తుడువు. మా బండికి చక్రం మధ్య హబ్బులోని గ్రీజు కారి లైనింగు నల్లబడింది. పెట్రోలుతో తుడిచి బిగిస్తే బ్రేకు రెండు రోజులే బాగా పనిచేసింది. వేడెక్కగానే లోపల ఇంకిన గ్రీజు మళ్లీ పైకొచ్చింది. చివరికి లైనింగూ, గ్రీజు ఆపే సీలూ రెండూ మార్చాను.

తర్వాత రాడ్లని కలిపే పిన్నులు చూడు. పెడల్ నుంచి చక్రం దాకా ఒక్కో పిన్నూ వెంట్రుకంత అరిగినా చాలు, పెడల్ సగం దూరం ఖాళీగా పోతుంది. ఆ లూజు తియ్యడానికి రాడ్డు పొట్టి చేస్తారు చూడు, అది తప్పు. లివర్ల కోణం చెడుతుంది. టైట్ చెయ్యాల్సింది చక్రం దగ్గర, డ్రమ్ము వెనక ఉండే ప్లేటు మీది చదరపు తల బోల్టుతో. నాలుగు చక్రాలూ జాకీ మీద లేపి, పెడల్‌కీ సీటుకీ మధ్య గాట్లు పెట్టిన చెక్క ఇరికించి చేత్తో తిప్పు. వెనక చక్రాలకి బ్రేకు కొంచెం ముందుగా పట్టాలి. కుడి, ఎడమ సమానంగా పట్టాలి.

ఒంగోలు గిత్త:
ఇంత సేవ చేస్తే ఏ బ్రేకైనా పట్టుద్దిలే.

గ్రీజు చేతులు:
ఆయిల్ బ్రేకులకి మాత్రం సేవ వద్దా? నెలకోసారి కదిలే కారు. బ్రేకు ఆయిల్ తేమ పీలుస్తుంది, మన ఉప్పుగాలికి చక్రాల దగ్గర బ్రేకుని తోసే వీల్ సిలిండర్లు బిగుసుకుంటాయి. పాత జీపులో నాలుగు చక్రాలకీ ఆయిల్ పోయే లైను ఒకటే, గొట్టం పగిలితే నాలుగూ పోతాయి. రాడ్డు ఒకటి ఊడినా మిగతా చక్రాలకి బ్రేకు పడుతుంది.

ఒంగోలు గిత్త:
మా ప్రీమియర్ పద్మిని కారుని నెలల తరబడి షెడ్డులోనే పెడతాను. రెండేళ్లకోసారి ఆయిల్ మారుస్తా, అంతే.

పెన్నా గట్టు:
కుడి ముందు డ్రమ్ము విప్పాను. గ్రీజు లేదు. లైనింగు అరిగిపోయి, దాన్ని పట్టి ఉంచే రివిట్లు డ్రమ్ముని గీకేశాయి.

ఒంగోలు గిత్త:
గీతలో గోరు ఇరుక్కుంటోందా?

పెన్నా గట్టు:
ఇరుక్కుంటోంది.

ఒంగోలు గిత్త:
అయితే లేత్‌కి తీసుకుపో. గీతలు పోయేలా చెక్కించాక డ్రమ్ము లోపల పెద్దదవుద్ది, లైనింగు ఆ మేరకు మందంగా వేయించు. జీపు సామాను మాత్రం ఇప్పుడే కొనకు.