ఊపిరితిత్తుల జబ్బు ఐఎల్‌డీ అన్నారు, ఏ రకమో తేలలేదు: మీ ఇళ్లలో ఎలా నడిచింది?

కూకట్‌పల్లి_కోడలు
మా మామయ్యగారికి 68 ఏళ్లు. చాలాకాలంగా పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. మొదట ఆస్తమా అని ఇన్‌హేలర్లు ఇచ్చారు, తర్వాత గుండె పరీక్షలన్నీ అయ్యాయి. ఇప్పుడు హెచ్‌ఆర్‌సీటీ (ఛాతీకి వివరమైన సీటీ స్కాన్) తీసి ఐఎల్‌డీ (ఊపిరితిత్తుల లోపలి పొరలు వాచి మచ్చకట్టే జబ్బుల గుంపు), ఊపిరితిత్తులు గట్టిపడటం (ఫైబ్రోసిస్) మొదలైంది అంటున్నారు. ఒక డాక్టరుగారు స్టెరాయిడ్ మొదలుపెడదామంటారు. రెండో ఆయనేమో ఐపీఎఫ్ (కారణం తెలియకుండా ఊపిరితిత్తులు గట్టిపడే రకం) అయితే స్టెరాయిడ్ దండగ, గట్టిపడటాన్ని నెమ్మదింపజేసే నింటెడానిబ్ మాత్ర వేయాలంటారు. ఇద్దరూ పేరున్నవాళ్లే. ఎవరి మాట వినాలి? ఇంట్లో ఈ జబ్బు చూసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

నల్లగొండ_శీను
అక్కా, ఇంట్లో కూలర్ ఉందా? బాల్కనీలో పావురాలు? మా అమ్మకి ఇలాగే అన్నారు. మందు రాసేముందు డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇదే. ఇంటికొచ్చి కూలర్ విప్పితే గడ్డి అడుగున నల్లగా జిగట, ముక్కు మూసుకునేంత ముక్కిపోయిన వాసన. అమ్మ మంచం సరిగ్గా దాని ఎదురుగానే ఉండేది. కూలర్ అమ్మేశాం, కొన్ని నెలలు స్టెరాయిడ్ వాడింది, దగ్గు బాగా తగ్గింది. సీటీలో మచ్చలు మాత్రం పూర్తిగా పోలేదు. ఆమెది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ (హెచ్‌పీ, అంటే పీల్చిన బూజు, రెట్టల పొడి లాంటివి పడక ఊపిరితిత్తులు వాచడం) అని తేల్చారు.

ఛాతీ_పీజీ
పల్మనాలజీలో (ఊపిరితిత్తుల వైద్యం) పీజీ చేస్తున్నాను. శీనుగారు చెప్పింది ఊరికే చెప్పిన మాట కాదు. 2017లో వచ్చిన ఐఎల్‌డీ ఇండియా రిజిస్ట్రీలో (రోగుల వివరాల నమోదు) 19 నగరాల నుంచి 1,084 మందిని చూస్తే 47.3 శాతం మందికి ఈ హెచ్‌పీయే. వాళ్లలో సగానికి దగ్గరగా కూలర్ గాలి తగిలినవాళ్లు.

మీ ఇద్దరు డాక్టర్ల తేడా కూడా ఇక్కడే ఉంది. హెచ్‌పీ అయితే కారణాన్ని తీసేయడం, అవసరమైతే స్టెరాయిడ్. ఐపీఎఫ్ అయితే లెక్క తిరగబడుతుంది. 2012లో పాంథర్ అధ్యయనం వచ్చేదాకా ఐపీఎఫ్‌కి కూడా ప్రెడ్నిసోన్ (స్టెరాయిడ్), అజాథయోప్రిన్ (రోగనిరోధక శక్తిని అణిచే మందు), ఎన్-ఎసిటైల్ సిస్టీన్ కలిపి ఇచ్చేవారు. ఆ అధ్యయనంలో ఈ మూడూ వాడిన 77 మందిలో 8 మంది పోయారు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 78 మందిలో ఒక్కరు. అధ్యయనంలో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. కాబట్టి రకం తేలకముందే ఎవరి పక్షమూ తీసుకోకండి.

గోదారి_గట్టు
మా వీధిలో ప్రతి ఇంట్లో కూలర్ ఉంది సార్, మరి అందరికీ రావాలిగా? ప్రతిదానికీ కూలర్, పావురం అనడం ఫ్యాషనైపోయింది.

ఛాతీ_పీజీ
న్యాయమైన ప్రశ్నే. అందరికీ రాదు, కొందరి రోగనిరోధక వ్యవస్థే అలా తిరగబడుతుంది. పైగా ఆ 47 శాతాన్ని కూడా గుడ్డిగా నమ్మక్కర్లేదు. చండీగఢ్ పీజీఐ ఆసుపత్రి వాళ్లు 2018లో 803 మంది ఐఎల్‌డీ రోగుల లెక్క వేస్తే సార్కాయిడోసిస్ (ఇంకో రకం) 42.2 శాతం, హెచ్‌పీ 10.7 శాతమే. ఎవరు చూస్తున్నారు, ఏ ప్రమాణంతో పేరు పెడుతున్నారు అన్నదాన్ని బట్టి అంకెలు ఇంతలా మారతాయి. అందుకే ఛాతీ డాక్టరు, రేడియాలజిస్టు, వీలైతే రుమటాలజిస్టు (కీళ్ల జబ్బుల డాక్టరు) కలిసి కూర్చుని సీటీ చూడాలి. కీళ్ల జబ్బులు, కొన్ని మందులు కూడా కారణం కావచ్చు కాబట్టి కీళ్లనొప్పులు ఉన్నాయా, మెథోట్రెక్సేట్ (కీళ్లవాతం మందు), అమియోడరోన్ (గుండె లయ మందు) లాంటివి వాడారా, మాటిమాటికీ యూరిన్ ఇన్‌ఫెక్షన్‌కి నైట్రోఫ్యురాంటోయిన్ వేసుకున్నారా, ఇవన్నీ రాసుకుని వెళ్లండి.

డల్లాస్_బాబాయ్
నాన్నగారు నా దగ్గరే ఉంటారు, ఐపీఎఫ్. నింటెడానిబ్ 150 రెండు పూటలా. శ్వాస సామర్థ్యం తగ్గడం నెమ్మదించింది కానీ విరేచనాలతో నరకం చూశారు. ఖాళీ కడుపుతో అస్సలు వేయొద్దు, అన్నం మధ్యలో వేయండి. నూనె వేపుళ్లు మానిపించి పెరుగన్నంలోకి దించాం, చివరికి డాక్టరే 100కి తగ్గించారు. లివర్ పరీక్ష మర్చిపోవద్దు. ఇక్కడ అమెరికాలో నెరాండోమిలాస్ట్ అని ఐపీఎఫ్‌కి కొత్త మాత్రకి 2025 అక్టోబరులో ఎఫ్‌డీఏ (మందుల నియంత్రణ సంస్థ) అనుమతి వచ్చింది. 1,177 మందిపై చేసిన అధ్యయనంలో ఏడాదికి శ్వాస సామర్థ్యం ఉత్తుత్తి మాత్రతో 183.5 మిల్లీలీటర్లు తగ్గితే, దీని 18 మిల్లీగ్రాముల మోతాదుతో 114.7 తగ్గింది. తగ్గడం ఆగలేదు, గట్టిపడింది మెత్తబడదు. వాట్సాప్‌లో "ఫైబ్రోసిస్‌కి మందు దొరికింది" అని తిరుగుతోంది, నమ్మకండి.

ఛాతీ_పీజీ
బాబాయ్‌గారి మాటకి చిన్న చేర్పు. ఐపీఎఫ్ కాకపోయినా, ఏ రకమైనా సరే, చికిత్స ఇస్తున్నా ఫైబ్రోసిస్ ముదురుతూ పోతుంటే నింటెడానిబ్ పనికొస్తుందని 2019లో ఇన్‌బిల్డ్ అధ్యయనం చూపింది. ఏడాదికి శ్వాస సామర్థ్యంలో, ఉత్తుత్తి మాత్రతో వచ్చే 187.8 బదులు 80.8 మిల్లీలీటర్ల తగ్గుదల. విరేచనాలు మాత్రం మూడింట రెండు వంతుల మందికి.

ఐసీయూ_సిస్టర్_వైజాగ్
ఎవరూ మాట్లాడని సంగతి నేను చెప్తాను. ఈ జబ్బువాళ్లు ఉన్నట్టుండి నాలుగు రోజుల్లో దిగజారిపోయి మా దగ్గరికి వస్తారు. అప్పుడు వెంటిలేటర్ పెట్టాలా వద్దా అని లిఫ్టు దగ్గర నిలబడి కొడుకులు పోట్లాడుకుంటారు. ముదిరిన ఐపీఎఫ్‌లో వెంటిలేటర్ ఎక్కినవాళ్లలో చాలామంది తిరిగి ఇంటికి వెళ్లరు. పెద్దాయన తెలివిలో ఉండగానే ఆయన మనసులో ఏముందో అడగండి, డాక్టరుగారితో కూడా మాట్లాడి పెట్టుకోండి. కొందరు హై ఫ్లో ఆక్సిజన్ (ముక్కు గొట్టంతో ఎక్కువ వేగంగా ఇచ్చేది) వరకే చాలనుకుంటారు, అదీ ఒక నిర్ణయమే.

ఇంకో రెండు ముక్కలు. కూర్చున్నప్పుడు వేలికి పెట్టే మెషీన్‌లో ఆక్సిజన్ 96 చూసి సంబరపడకండి, హాల్లో నాలుగు చక్కర్లు నడిపించి చూడండి. ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించండి. కాన్సన్‌ట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసే కరెంటు మెషీన్) కొంటే పక్కన ఒక సిలిండర్ ఉండాల్సిందే, కరెంటు పోతే మామూలు ఇన్వర్టర్ దాన్ని ఎంతోసేపు లాగదు.

కూకట్‌పల్లి_కోడలు
అందరికీ థాంక్స్ అండీ. కూలర్ ఉంది, యుటిలిటీలో పావురాల గూడు కూడా ఉంది. అత్తయ్య రోజూ ఆ రెట్టలు పొడి చీపురుతో ఊడుస్తారు, పక్కనే మామయ్యగారి కుర్చీ! రేపే మనిషిని పిలిచి కడిగించి నెట్ కట్టిస్తాం. కూలర్ తీసేస్తానంటే మామయ్యగారు ఒకటే గొడవ.

నల్లగొండ_శీను
కడిగే రోజు మామయ్యగారిని ఇంకెక్కడికైనా పంపించు అక్కా. రెట్టలు ముందు తడిపించి తీయించు, పొడిగా గీకితే ఇల్లంతా లేస్తుంది. ఇంకోటి, డాక్టర్ల దగ్గరికి సీటీ రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్లకు, స్కాన్ బొమ్మలున్న సీడీ కూడా తీసుకెళ్లు. మాకు అది లేక ఒక అపాయింట్‌మెంటు వృథా అయింది.