మిడత స్లైడులో ఆ ముదురు గడ్డ: న్యూక్లియోలసా, ఎక్స్ క్రోమోసోమా?

తార్నాక_పిల్ల: ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌కి రోడ్డు పక్క జిల్లేడు మీద మగ మిడతను పట్టాను. వృషణం గొట్టాలను ఎసిటో ఆర్సీన్ అనే రంగులో నానబెట్టి, కవర్ స్లిప్ మీద బొటనవేలితో నొక్కి చూశా. పాకిటీన్ కణాల్లో (వీర్యకణాలు తయారయ్యే విభజనలో క్రోమోసోములు జతకట్టి ఉండే దశ) క్రోమోసోములు దారప్పోగుల్లా ఉన్నాయి, అంచున మాత్రం ముదురు గడ్డ. అది ఎక్స్, అంటే ఆడామగా తేల్చే క్రోమోసోమ్ అని రాశాను. ఎగ్జామినర్ న్యూక్లియోలస్ (కేంద్రకంలో రైబోసోములు తయారయ్యే చోటు) అని కొట్టేశారు. ఎవరిది తప్పు?

పాత_లెక్చరర్: కేంద్రకంలో గుండ్రంగా, ముదురుగా ఉండేది న్యూక్లియోలసే. 22 ఏళ్లుగా చెబుతున్నా. మాన్యువల్లో బొమ్మ చూడమ్మా.

ఉప్పల్_నాని: ఫొటో పెట్టండి ముందు.

స్లైడు_పెట్టె: సార్, ఆర్సీన్ పట్టేది క్రోమాటిన్‌కి, అంటే క్రోమోసోముల పదార్థానికి. న్యూక్లియోలస్ అందులో పాలిపోయి ఉంటుంది, అది నల్లగా తేలాలంటే సిల్వర్ నైట్రేట్ వేయాలి. మగ మిడతకి ఎక్స్ ఒక్కటే, జత లేదు. జిల్లేడు మిడతలో మగదానికి 19 క్రోమోసోములు, ఆడదానికి 20. ఆ ఒంటరి ఎక్స్ మొదటి ప్రొఫేజ్‌లో, అంటే విభజన తొలి దశలో, మిగతావాటికన్నా ముందే ముడుచుకుంటుంది. 1891లో హెంకింగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త పైరోకోరిస్ అనే పురుగులో ఇలాంటిదే చూసి, ఏమిటో తేలక ఎక్స్ అని గుర్తు పెట్టాడు. తర్వాత అమెరికా శాస్త్రవేత్త మాంట్‌గోమరీ ‘క్రోమాటిన్ న్యూక్లియోలస్’ అన్నాడు. అంతటివాళ్లే తికమకపడ్డారు.

పాత_లెక్చరర్: కథలొద్దు. గుండ్రంగా ఉందా లేదా? కొన్ని మిడతల్లో న్యూక్లియోలస్ ఎక్స్ మీదే పుడుతుంది కదా?

స్లైడు_పెట్టె: పుడుతుంది. అప్పుడు ఎక్స్‌కి అంటుకుని ఉంటుంది, అంతేగానీ ఆర్సీన్‌లో ఎక్స్ అంత ముదురు రాదు. అమ్మాయ్, మొదటి అనాఫేజ్ కణాలు వెతుకు, క్రోమోసోములు రెండు కొసలకు విడిపోయే దశ. ఆ గడ్డ జత లేకుండా ఒక్క కొసకే పోతే ఎక్స్.

పాత_లెక్చరర్: గుండ్రంగా ఉందా అని అడిగాను.

తార్నాక_పిల్ల: గుండ్రం సంగతి వదిలేయండి సార్! మా ఎగ్జామినర్ మైక్రోస్కోప్ దగ్గరికే రాలేదు. రికార్డులో బొమ్మ చూసి కొట్టేశారు. ఎనిమిది స్లైడ్లు పాడుచేసి తొమ్మిదోది తెచ్చుకున్నా.

పాత_లెక్చరర్: ఎలా వస్తారమ్మా? మా దగ్గరైతే ఒక్క పూటలో నలభై మంది. మైక్రోస్కోపులు ఆరు, రెండింటికి బల్బు లేదు. బొమ్మ చూసి మార్కులు వేయక ఏం చేయమంటారు? నేనూ అలాగే వేశాను.

స్లైడు_పెట్టె: అయితే బొమ్మ తప్పయిన రోజు సరిగ్గా చూసిన పిల్లలకే మార్కులు పోతాయి సార్. నా బాధ అదే.

ఉప్పల్_నాని: ఫొటో?

పాత_లెక్చరర్: ఆ స్లైడు ఇంకా ఉందా అమ్మా?

తార్నాక_పిల్ల: ఉంది సార్. అంచులకు నెయిల్ పాలిష్ పూసి ఫ్రిజ్‌లో పెట్టాను.