అప్‌డేట్: విండోస్ నుంచి లినక్స్‌కి మార్చాక తేదీలు తారుమారైన సమస్య తేలింది

ముందు అడిగింది ఇదీ: మా పాత జావా 8 బిల్లింగ్ యాప్‌ని విండోస్ సర్వర్ నుంచి ఉబుంటుకి మార్చాక, ఏప్రిల్ 5న కట్టిన బిల్లు మే 4 కింద పడుతోంది. డేటాబేస్ తప్పా, టైమ్ జోన్ తప్పా అని అడిగాను. రెండూ కాదు.

కోడ్‌లో తేదీ ఫార్మాట్ ఎక్కడా రాయలేదు, సిస్టమ్ లొకేల్ (భాష, దేశం సెట్టింగ్) ఏది ఉంటే అదే వాడుకునేలా వదిలేశారు. విండోస్‌లో ఇంగ్లీష్ ఇండియా ఉండేది కాబట్టి రోజు ముందు, నెల తర్వాత. కొత్త సర్వర్‌లో యాప్ సర్వీస్‌కి లొకేల్ 'సి' (ఏ దేశమూ చెప్పని డిఫాల్ట్), దాన్ని జావా ఉత్త ఇంగ్లీష్‌గా తీసుకుని అమెరికా వాళ్లలా నెలని ముందు పెట్టేస్తుంది. నేను టెర్మినల్‌లో చూసినప్పుడల్లా ఇండియా లొకేలే కనిపించేది, ఎందుకంటే దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ నా ల్యాప్‌టాప్ సెట్టింగ్‌ని సర్వర్‌కి మోసుకెళ్తుంది!

అసలు టెన్షన్ పెట్టింది వేరే. 25/03/24 లాంటి తేదీకైనా ఎర్రర్ రావాలి కదా, 25వ నెల ఎక్కడుంది? రాలేదు. తేదీలు చదివే జావా క్లాస్ సింపుల్‌డేట్‌ఫార్మాట్ మామూలుగా ఉదారంగా (లీనియంట్) ఉంటుంది, 25 నెలలు లెక్కేసుకుని 2026 జనవరి 3 అని రాసేసుకుంది. ఇంత మంచితనం ఎవరడిగారు?

ప్రస్తుతానికి జేవీఎమ్‌కి (జావాని నడిపే ప్రోగ్రామ్) యూజర్ కంట్రీ ఐఎన్ అని ఇచ్చి నడిపిస్తున్నాం. కోడ్‌లో మాత్రం ప్రతిచోటా ఫార్మాట్ స్పష్టంగా రాసి, లీనియంట్ ఆపేస్తున్నాం. డేటాబేస్‌లో పాడైన వరుసలను పాత సీఎస్‌వీ ఫైళ్లతో పోల్చి దిద్దుతున్నాం. జావా 9 నుంచి లొకేల్ డేటా డిఫాల్ట్‌గా సీఎల్‌డీఆర్ (యూనికోడ్ వాళ్ల లొకేల్ డేటా) నుంచి వస్తుంది, ఫార్మాట్లు మళ్లీ మారొచ్చు కాబట్టి వెర్షన్ పెంచేది ఆ తర్వాతే.