లూయీజ్ ఫరాంక్ విన్నాక ఇంకేం వినాలి?

నైట్‌షిఫ్ట్_శ్రోత: నమస్తే అండీ. వెస్టర్న్ క్లాసికల్‌లో నాకు బీథోవెన్, షోపాన్ తప్ప ఎవరూ తెలీదు. మొన్న డ్యూటీ అయ్యాక క్యాబ్‌లో వస్తుంటే యాప్ దానంతటదే లూయీజ్ ఫరాంక్ అనే పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచ్ స్వరకర్త రాసిన నోనెట్ పెట్టేసింది. తొమ్మిది వాయిద్యాలు, 1849లో రాసిందట, మూడో భాగం మొదట్లో తీగ వాయిద్యాల వాళ్ళు బో వాడకుండా తీగల్ని వేళ్ళతో మీటుతారు చూడండీ, అక్కడికి నిద్ర ఎగిరిపోయింది. ఇంత మంచి సంగీతం ఇన్నాళ్ళు ఎక్కడ దాక్కుంది? ఇలాంటివి ఇంకేమున్నాయి?

పాత_రికార్డులు: దాక్కోలేదండీ, పట్టించుకోలేదు. అప్పటి పారిస్‌లో పేరు రావాలంటే ఒపేరా రాయాలి, ఆవిడ ఒక్కటి కూడా రాయలేదు. 1842 నుంచి పారిస్ కన్సర్వేటరీలో (సంగీత కళాశాల) పియానో ప్రొఫెసర్, జీతం మాత్రం మగ ప్రొఫెసర్ల కంటే తక్కువ. 1850లో ఈ నోనెట్ కచేరీకి పందొమ్మిదేళ్ళు కూడా నిండని యోఆఖిమ్ (తర్వాత చాలా పేరుమోసిన వయొలినిస్ట్) వయొలిన్ వాయించాడు, పెద్ద హిట్, ఆ ఊపులోనే సమాన జీతం అడిగి మరీ తెచ్చుకుంది :) మీరు ఇప్పుడు ఆవిడ పియానో క్వింటెట్లు (పియానోతో కలిపి ఐదు వాయిద్యాలకి రాసినవి) వినండి, ఓపస్ 30, 31, అంటే ఆవిడ రచనల నంబర్లు. లీనోస్ ఎన్‌సెంబుల్ వాళ్ళ రికార్డింగ్ నాకిష్టం. వాటిలో డబుల్ బేస్ (వయొలిన్ కుటుంబంలో అన్నిటికంటే పెద్దది) ఉంటుంది, కింది స్వరాల బరువంతా అదే మోస్తుంది కాబట్టి దానికంటే చిన్నదైన చెల్లో హాయిగా పైకెళ్ళి పాడుకుంటుంది.

సందేహరావు: బాగుంది గానీ మర్చిపోయినవన్నీ ఆణిముత్యాలే అంటే నేనొప్పుకోను బాస్. ఆ రోజుల్లో ఒపేరా పాటలు తీసుకుని పియానోకి కుప్పలు తెప్పలుగా వేరియేషన్లు (ఒకే బాణీని రకరకాలుగా మార్చి వాయించేవి) రాశారు, ఆవిడా మొదట్లో అలాంటివి రాసింది, రెండోసారి వినాలనిపించవు నాకైతే.

పాత_రికార్డులు: వాటిలో ఒకదాన్ని స్వరకర్త, విమర్శకుడు షూమన్ అంతటివాడు మెచ్చుకుంటూ రివ్యూ రాశాడు సార్, 1836లో. రష్యన్ పాట మీద రాసిన వేరియేషన్లు, ఓసారి వినండి.

మెట్రోనోమ్: జర్మన్ స్వరకర్త ఫానీ మెండెల్సన్ పియానోకి రాసిన ఈస్టర్ సొనాటా కూడా లిస్టులో వేసుకోండి. 1828లో రాసింది, 1970ల్లో రికార్డ్ చేసినప్పుడు ఆవిడ తమ్ముడు, ప్రసిద్ధ స్వరకర్త ఫెలిక్స్ పేరు వేసేశారు, 2010లో రాతప్రతి చూస్తే అక్కయ్యదని తేలింది, ఇప్పుడొస్తున్న రికార్డింగుల మీద ఆవిడ పేరే ఉంటోంది.

నైట్‌షిఫ్ట్_శ్రోత: ఓపస్ 30 పెట్టాను. చెల్లో సంగతి నిజమే అండీ, ఇల్లు రాగానే క్యాబ్ దిగలేదు, డ్రైవర్ "దిగరా సార్" అన్నాడు.