టేకు స్టాక్‌కి సీలర్ మీద ఎనామిల్ వేయొచ్చా?

గుణుపురం_177: ఎయిర్ రైఫిల్‌కి టేకుతో కొత్త స్టాక్ (చెక్క పిడి) చేయించాను, ఇంకా ఏమీ పూయలేదు. పైన ముదురాకుపచ్చ ఎనామిల్ వేయాలి. కొట్లో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) సాండింగ్ సీలర్ ఇచ్చారు, చెక్క రంధ్రాలు మూసే అడుగు పూత. దాని మీద ఎనామిల్ నిలుస్తుందా? ఇక్కడ రోజూ ముసురే. బ్యారెల్ కూర్చునే గాడిలో కూడా రంగు వేయాలా?

బరంపురం_పాలిష్: నిలుస్తుంది తమ్ముడూ. తిరగేస్తేనే ముప్పు: ఎనామిల్ మీద ఎన్‌సీ పడితే థిన్నర్ కింది రంగుని ముడతలు లేపేస్తుంది.

ముందు ఇనుప భాగాలన్నీ విప్పు. 120, 180, 220 ఉప్పు కాగితాలతో వరసగా, చెక్క చార వెంబడే రుద్దు. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే నూగు లేస్తుంది. ఆరాక 220తో తేలిగ్గా తీసెయ్. ఈ పని ఇప్పుడు చేయకపోతే మొదటి కోటుకే ఆ నూగు లేచి గరుకు తేలుతుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి, సీలర్‌కి కాస్త ముందు ఎన్‌సీ థిన్నర్ గుడ్డతో తుడవాలి.

సీలర్‌కి సమానంగా థిన్నర్ కలిపి మొదటి కోటు. గంటాగి 320తో రుద్ది, పొడి దులిపి రెండో కోటు. బట్ (భుజానికి ఆనే వైపు) చివర కోసిన ముఖం మాత్రం నాలుగు కోట్లు తాగుతుంది, చెమ్మ ఎక్కేది అక్కడినుంచే. మర్నాడు 320తో మెరుపు చంపి, పదోవంతు టర్పెంటైన్ కలిపిన ఎనామిల్ పల్చగా రెండు కోట్లు, మధ్య ఒక రోజు ఎడం. వారం పది రోజులు ఆరకుండా బిగిస్తే రంగు ఇనుముకి అంటుకుని ఊడొస్తుంది.

రాయగడ_గురి: ముసురులో సీలర్ వద్దు. థిన్నర్ ఆవిరవుతూ చెక్క పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ అక్కడ దిగి పొర పాలలా తెల్లబడుతుంది. తెరిపి ఇచ్చిన రోజు మధ్యాహ్నం వేయండి. తెల్లబడితే ఎండిన రోజున పల్చగా థిన్నర్ కొడితే చాలావరకు పోతుంది.

చెక్క ఆరిందో లేదో తెలియాలంటే వంటింటి కాటా మీద రోజూ తూయండి. నాలుగు రోజులు బరువు మారకపోతే సరే. ఎండలో మాత్రం పెట్టొద్దు, పగులుతుంది.

గాడిలో సీలర్ రెండు పల్చని కోట్లు చాలు, రంగు వద్దే వద్దు. మందంగా ఉన్న రంగు మర బిగింపుకి నలుగుతూ పోతుంది, బిగువు సడలి గురి తప్పుతుంది. మర రంధ్రాల్లోకి దూది పుల్లతో సీలర్ పట్టించండి.

గుణుపురం_177: ముందు మర దగ్గర సన్నటి చీలిక ఉంది అన్నయ్యా. లప్పం పెట్టనా?

బరంపురం_పాలిష్: నీది స్ప్రింగ్‌తో పేలే గన్ అయితే ఆ అదురుకి లప్పం రాలిపోతుంది. చీలికని థిన్నర్‌తో కడిగి ఆరనిచ్చి, నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ (రెండు భాగాలు కలిపే జిగురు) లోపలికి దింపి, క్లాంపు వేసి ఒక రోజు ఉంచు. పైన గుంట మిగిలితే అదే ఎపాక్సీలో టేకు పొడి కలిపి నింపు. ఇదంతా సీలర్‌కి ముందే, సీలర్ దిగిన చీలికలో ఎపాక్సీ పట్టదు.