డిష్ తీసేసి డిజిటల్ కేబుల్ పెట్టించుకోవచ్చా?

భీమవరం బుల్లోడు:
మేడ మీద డిష్ గొడుగు పెట్టించి చాలా ఏళ్లయింది. వానాకాలం వస్తే చాలు, మబ్బు పట్టగానే బొమ్మ చుక్కలు చుక్కలై ఆగిపోతుంది, అదీ సరిగ్గా అమ్మ సీరియల్‌లో అత్తాకోడళ్ల గొడవ తేలే టైముకే. పైగా మొన్న కోతులు దూకి గొడుగు పక్కకి తిప్పేశాయి, టెక్నీషియన్ వచ్చి సరిచేసి విజిట్ చార్జీ తీసుకున్నాడు. మా వీధి కేబుల్ అబ్బాయేమో డిజిటల్ బాక్స్ ఇస్తా, నెలకి తక్కువే పడుతుంది అంటున్నాడు. ఇంట్లో రెండు టీవీలున్నాయి. మారినవాళ్లెవరైనా ఉంటే ఎలా ఉందో చెప్పండి.

సిగ్నల్ సుబ్బారావు:
వాన సమస్య మాత్రం కేబుల్‌తో పోతుందండీ. ఇంటి గొడుక్కి శాటిలైట్ నుంచి వచ్చేది కెయూ బ్యాండ్ అనే రకం సిగ్నల్, వాన చినుకులు దాన్ని బాగా మింగేస్తాయి. కేబుల్ వాళ్లు పెద్ద పెద్ద డిష్‌లతో ఎక్కువగా సీ బ్యాండ్ అనే ఇంకో రకం సిగ్నల్ పట్టుకుంటారు, దాని మీద వాన ప్రభావం చాలా తక్కువ. అక్కడి నుంచి ఫైబర్‌లో మీ ఏరియా దాకా వచ్చి, సిగ్నల్ బలం పెంచే యాంప్లిఫయర్ల మీదుగా ఇంట్లోకి వస్తుంది. అసలు తిరకాసు ఈ యాంప్లిఫయర్ దగ్గరే. వీధిలో కరెంటు పోయి దానికి బ్యాకప్ లేకపోతే, మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా టీవీ రాదు. గొడుగైతే ఇన్వర్టర్ మీద హాయిగా నడుస్తుంది. కాబట్టి ముందు మీ కేబుల్ అబ్బాయిని అడగాల్సింది రేటు కాదు, బ్యాకప్ సంగతి. వాడి మాట మీద కూడా వదిలేయకుండా, ఆ కనెక్షనే ఉన్న పక్కింటికి కరెంటు పోయినప్పుడు ఓసారి వెళ్లి చూడండి.

లెక్కల లక్ష్మి:
డబ్బుల సంగతి నేను చెప్తా. 2019లో ట్రాయ్ (టీవీ, ఫోన్ సర్వీసుల మీద రూల్స్ పెట్టే సంస్థ) కొత్త పద్ధతి వచ్చినప్పటి నుంచి చానల్ ఎమ్మార్పీ డిష్‌కైనా కేబుల్‌కైనా ఒకటే. దానిపైన కనెక్షన్‌కని కట్టే నెట్‌వర్క్ ఫీజు మొదట్లో వంద చానళ్లకి 130 రూపాయలకి మించకూడదన్నారు, 18 శాతం జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు. 2024లో ఆ పరిమితి ఎత్తేశారు, అంటే ఇప్పుడు ఎవరి రేటు వాళ్లది. అందుకని తేడా అంతా ఆ ఫీజులోనూ, వాళ్లు ప్యాకేజీ మీద ఇచ్చే తగ్గింపులోనూ ఉంటుంది. రెండో టీవీకి ఎంతో ఇప్పుడే తేల్చుకోండి, చాలామంది అక్కడే వడ్డిస్తారు. చూడని హిందీ, ఇంగ్లిష్ చానళ్లు పీకేసి కావాల్సిన తెలుగువి మాత్రమే పెట్టించుకుంటే, డిష్‌లోనే బిల్లు తగ్గొచ్చు కూడా.

ఉప్పల్ ఉదయ్:
బ్రో, తీగ ఎలా లాగారో కూడా చూసుకో. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో కరెంటు షాకులకి జనం చనిపోయాక స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించేశారు, టీవీ, నెట్ రెండూ పోయి నానా తిప్పలు పడ్డాం. అయినా నేను కేబుల్ వదల్లేదు. లోకల్ చానల్‌లో జాతర లైవ్ వస్తుంది, బాక్స్ మొరాయిస్తే ఫోన్ చేస్తే సాయంత్రానికి మనిషి వస్తాడు. కస్టమర్ కేర్‌లో ఒకటి నొక్కండి, రెండు నొక్కండి గోల లేదు. ఇంకోటి, నీ డిష్ బాక్స్ కేబుల్‌కి పనికిరాదు, కొత్తది తీసుకోవాల్సిందే. డిపాజిట్ కడితే రసీదు అడుగు, నోటిమాట మీద వద్దు.

భీమవరం బుల్లోడు:
థాంక్సండీ అందరికీ. పక్క వీధి పిన్ని వాళ్లది అదే కనెక్షన్, కనుక్కున్నా. కరెంటు పోతే టీవీ కూడా పోతోందట. మాకేమో ఎండాకాలం కోతలు ఎక్కువ.

సిగ్నల్ సుబ్బారావు:
అయితే హాల్లో టీవీకి కేబుల్ పెట్టించి, రెండోదానికి డిష్ ఉంచేయండి. కొన్నాళ్లు రెండూ చూశాక కావాలంటే డిష్ రీచార్జ్ ఆపేయొచ్చు. గొడుగు మాత్రం పీకించకండి. ఈలోగా ఎల్‌ఎన్‌బీ (గొడుగు ముందు కాడకి ఉండే, సిగ్నల్ పట్టే ముక్క) దగ్గర కనెక్టర్ ఓసారి విప్పి చూడండి. తుప్పు పట్టి ఉంటే కొత్తది వేయించండి, చిన్న మబ్బుకే సిగ్నల్ పోవడం చాలావరకు తగ్గుతుంది.